రాత్రికి సరిపడా కరెంటు

వనపర్తి జిల్లా గోపాల్‌పేట, రేవల్లి వైపు ఊళ్లలో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. పొద్దంతా మండే ఎండ, పొద్దు వాలేసరికి మబ్బు, ఆ వెంటనే గాలిదుమారం. ఎక్కడో ఒక వేపకొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, ఒక స్తంభం ఒరుగుతుంది, ఊరంతా చీకటైపోతుంది. వెనకటి కోతలు వేరు. అప్పట్లో బోరు మోటర్లకు వంతులవారీగా కరెంటు వచ్చేది. రాత్రి మోటరు వేయడానికి చేనికి పోయి పాముకాటుకు బలైన రైతులు పాలమూరులో ఎందరో. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక ఆ బాధ తగ్గింది. కానీ గాలివానకు తెగిన తీగ తనంతట తాను అతుక్కోదు. లైన్‌మన్ రావాలి, చీకట్లో లోపం ఎక్కడుందో వెతకాలి, స్తంభం ఎక్కాలి. తెల్లారేదాకా పట్టవచ్చు.

ఆ ఒక్క రాత్రిని ఎవరి సాయం లేకుండా దాటగలిగే ఇల్లు కావడం ఎలా అన్నదే ఈ అధ్యాయం. ఇందుకు కావలసిన వస్తువుల్లో సగం మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. ఫోనుకు పవర్ బ్యాంకు ఉంది. పల్లిచేనుకు మందు కొట్టే చార్జింగ్ పంపులో ఒక బ్యాటరీ ఉంది. మోటారు సైకిల్లో ఒకటి, ట్రాక్టర్లో ఒకటి ఉన్నాయి. కొన్ని ఇళ్లలో ఇన్వర్టర్ కూడా ఉంది. లేనిది లెక్క ఒక్కటే. లెక్క లేకపోవడం వల్లే పదిహేను, ఇరవై వేలు పోసి కొన్న ఇన్వర్టర్ రాత్రి పన్నెండింటికే కూతపెట్టి ఆగిపోతుంది. పక్కింట్లో చిన్న బ్యాటరీతో తెల్లవార్లూ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది.

ముందు ఇంట్లోవాళ్లను అడగండి

బ్యాటరీ దుకాణానికి పోయే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడగండి: రాత్రి కరెంటు పోతే నీకు ముందు ఏది కావాలి? సాధారణంగా ఈ ప్రశ్న ఎవరూ అడగరు. ఇంటి యజమాని తనకు తోచినట్టు కొనుక్కొస్తాడు. ఆయనకు తోచేది టీవీ, ఫ్రిజ్. ఇంట్లో ముసలమ్మను అడిగి చూడండి.

"అవ్వా, కరెంటు పోతే నీకు ముందుగాల ఏం గావాలె?"

"రాత్రి రెండుసార్లు బయటికి లేస్త గద బిడ్డా. గడప కాడ జరంత ఎలుగుంటే సాలు."

ఆమె అడిగిన వెలుగుకు అర వాటు బుడ్డి బల్బు చాలు. రాత్రంతా వెలిగినా అది తినేది లెక్కలోకి రాదు. అది లేక ఆమె గడప తట్టుకుని పడితే తుంటి ఎముక విరుగుతుంది, హైదరాబాదు దాకా పోవలసి వస్తుంది. కోడలు వంటింట్లో, స్నానాలగదిలో వెలుగు అడుగుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లాడుంటే వాడి తల్లి నెబ్యులైజర్ గురించి అడుగుతుంది. పరీక్షలు రాసే అమ్మాయి ఫోను చార్జింగు, చదువుకునే దీపం అడుగుతుంది. వీటన్నిటినీ ఒక కాగితం మీద రాసి, ఎదురుగా ఏది ఎంత కరెంటు తీసుకుంటుందో రాయండి. అప్పుడు ఒక సంగతి కళ్లకు కడుతుంది. నిజంగా తప్పనివన్నీ చాలా తక్కువ తింటాయి. ఎక్కువ తినేవాటిలో చాలా మటుకు ఒక రాత్రి లేకపోయినా గడిచిపోయేవే. బ్యాటరీతో బతకడం నేర్చుకోవడమంటే ఈ రెండు జాబితాలను విడదీయడమే. నా అనుభవంలో ఈ కాగితం రాసిన ఇంటికి, రాయని ఇంటికి మధ్య తేడా ఇంకే ఖరీదైన పరికరం వల్లా రాదు.

పనిదినాల లెక్క

కరెంటు వస్తువుల మీద వాట్లు రాసి ఉంటాయి. బ్యాటరీ మీద వోల్టులు, ఏహెచ్ అనే ఆంపియర్-అవర్లు రాసి ఉంటాయి. ఈ రెంటినీ కలిపేది వాట్-అవర్. ఉపాధి హామీ పనికి పోయినవాళ్లకు ఇది కొత్త లెక్కేమీ కాదు. పదిమంది మూడు రోజులు చేస్తే ముప్పై పనిదినాలైనట్టే, పది వాట్ల బల్బు మూడు గంటలు వెలిగితే ముప్పై వాట్-అవర్లు. బ్యాటరీలో ఎన్ని ఉన్నాయో తెలియాలంటే వోల్టులను ఏహెచ్‌తో గుణించాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో 1,800 వాట్-అవర్లు. 12 వోల్టుల 8 ఏహెచ్ చార్జింగ్ పంపు బ్యాటరీలో 96.

పవర్ బ్యాంకు దగ్గరే చాలామంది మోసపోతారు. 10,000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది లోపలి సెల్ లెక్క, సెల్ వోల్టేజీ 3.7. అంటే మొత్తం 37 వాట్-అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచి ఫోనుకు అందించేసరికి మూడో వంతు దాకా వేడిగా పోతుంది. చేతికి దక్కేది సుమారు 25. ఈ రోజుల్లో 5,000 ఎంఏహెచ్ ఫోను నిండాలంటే 19 కావాలి. అంటే ఒక ఫోను ఒకసారి నిండి, ఇంకాస్త మిగులుతుంది. రెండుసార్లు నిండుతుందని ఆశపడితే మధ్యలోనే ఆగిపోతుంది. అట్ట వెనక చిన్న అక్షరాలతో రేటెడ్ కెపాసిటీ అని ఇంకో అంకె ఉంటుంది. కొనేటప్పుడు చూడవలసింది అదే. దాని పక్కన బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో కూడా చూడండి.

ఇప్పుడు ఒక ఇంటి రాత్రిని లెక్క వేద్దాం. రెండు 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు గంటలకు 72. రెండు ఫోన్లకు 40. నెబ్యులైజర్ కంప్రెసర్‌ది, 100 వాట్లు తీసుకునేది, పది నిమిషాల చొప్పున రెండుసార్లు పెడితే 33. ఇప్పటికి 145 అయింది. ఇక మిగిలింది ఫ్యాను. పాత రకం సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. ఎనిమిది గంటలకు 600. అంటే ఇంట్లో మిగతావన్నీ కలిపి తినేదానికి నాలుగింతలు ఒక్క ఫ్యానే తింటోంది. దాని స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే 240. మొత్తం 745 ఉన్నది 385కి దిగుతుంది.

ఇక్కడితో లెక్క అయిపోలేదు. బ్యాటరీలోని 12 వోల్టులను 230 వోల్టులుగా మార్చేటప్పుడు ఇన్వర్టర్ తన వంతు తీసుకుంటుంది. నూటికి ఎనభై మనకు దక్కితే మంచి ఇన్వర్టరే. కాబట్టి 385 వాడుకోవాలంటే బ్యాటరీ 480 ఇవ్వాలి. ఇక యాసిడ్ బ్యాటరీని అడుగంటా వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. సగం వాడి సగం మిగిల్చడం మంచి పద్ధతి. అంటే 960 వాట్-అవర్ల బ్యాటరీ, 12 వోల్టులకు 80 ఏహెచ్. పాత ఫ్యానే ఉంచితే ఇదే లెక్కన 155 ఏహెచ్ కావాలి. ఫ్యాను మార్చడానికి అయ్యే మూడు వేల రూపాయలు సగం బ్యాటరీ ఖరీదును ఆదా చేస్తున్నాయన్నమాట. అందుకే ఎవరైనా పెద్ద బ్యాటరీ కొంటానంటే, ముందు ఫ్యాను మార్చమనే చెబుతాను.

టీ కెటిల్, ఇస్త్రీ పెట్టె, హీటర్ రాడ్డు, రైస్ కుక్కర్, ఇండక్షన్ పొయ్యి లాంటి వేడి పుట్టించే వస్తువులను బ్యాటరీ జాబితాలోంచి పూర్తిగా తీసేయాలి. 1,500 వాట్ల కెటిల్ పది నిమిషాలు పెడితే 250 వాట్-అవర్లు పోతాయి. బీఎల్‌డీసీ ఫ్యాను రాత్రంతా తిరిగినా అంత తినదు. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో బ్యాటరీ మీద నీళ్లు కాచడం అక్కరలేని పని.

బోరు మోటరు సంగతి అడిగేవాళ్లుంటారు. 5 హెచ్‌పీ మోటరు నడవాలంటే నాలుగు వేల వాట్ల పైన, అదీ త్రీఫేజు కావాలి. చేతితో మోసుకుపోయే బ్యాటరీకి అది అయ్యే పని కాదు. ఫ్రిజ్ నడిచేటప్పుడు వంద, నూటయాభై వాట్లే తీసుకున్నా, కంప్రెసర్ లేచే ఆ క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. చిన్న ఇన్వర్టర్ అక్కడే పడిపోతుంది. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది కాబట్టి చాలా మటుకు దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లుంటే భయపడకండి. ఇప్పుడు వాడుతున్న సీసా లేదా పెన్ను ఎండ తగలని చోట, 30 డిగ్రీలు దాటకుండా ఉంటే సాధారణంగా నాలుగు వారాలు పనిచేస్తుంది. అట్ట మీద ఏం రాశారో చదవండి. మన వేసవిలో ఇంట్లోనే 30 దాటుతుంది కాబట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పొడి డబ్బా పెట్టి అందులో ఉంచండి. మంచుగడ్డ మీద మాత్రం పెట్టవద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ మీద ఉన్న మనిషి ఉంటే బ్యాటరీ మీద ఆధారపడవద్దు. అయిదు లీటర్లది గంటకు మూడు వందల వాట్-అవర్ల పైనే తింటుంది. డాక్టరుతో ముందే మాట్లాడి సిలిండరు తెచ్చి పెట్టుకోండి. కరెంటు పోగానే 1912కు ఫోను చేసి ఇంట్లో రోగి ఉన్నారని చెప్పండి.

చేనులో బ్యాటరీ

వనపర్తి జిల్లా పల్లికి పేరు. యాసంగి పంట ఊడలు దిగి కాయ పట్టేవేళకు అడవి పందుల బెడద మొదలవుతుంది. ఒక మంద ఒక్క రాత్రిలో మడి మడి తిరగేసి పోతుంది. వెనకట మంచె మీద కూర్చుని డబ్బా కొడుతూ, కేకలు వేస్తూ రాత్రంతా కాసేవాళ్లు. ఇప్పుడు చాలామంది రైతులు మాట రికార్డు చేసుకునే చిన్న మైకు తెచ్చి చేనులో కట్టెకు కడుతున్నారు. "హోయ్ హోయ్" అన్న తమ గొంతో, కుక్కల అరుపో అందులో నింపి వదిలి, ఇంటికి వచ్చి పడుకుంటున్నారు. పాలమూరులో బ్యాటరీతో చిన్న వస్తువు నడపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఈ మైకు లోపలి బ్యాటరీ చిన్నది. మూడు నాలుగు గంటలకే గొంతు బొంగురుపోతుంది. పందులు వచ్చేది నడిరాత్రి దాటాక. అందుకే కొందరు చార్జింగ్ పంపు బ్యాటరీ తీసి దీనికి కలుపుతారు. కలపవచ్చు, కానీ మైకు అడిగే వోల్టులు ఎన్నో ముందు చూడాలి. 12 వోల్టులవి నేరుగా కలుస్తాయి. 6 వోల్టుల మైకుకు 12 తగిలిస్తే లోపలి బోర్డు కాలిపోతుంది. దానికి మధ్యలో వోల్టులు తగ్గించే చిన్న బోర్డు పెట్టించాలి. మైకు మీద 20 వాట్లని ఉన్నా అది గట్టిగా అరిచే క్షణం లెక్క. మధ్యమధ్య ఆగుతూ అరిచే మైకు సగటున అయిదు వాట్ల దగ్గర ఆగుతుందనుకుంటే పది గంటలకు 50 వాట్-అవర్లు. పంపు బ్యాటరీలో 96 ఉన్నాయి కదా, సగం అంటే 48. సరిగ్గా ఒక రాత్రికి సరిపోతుంది. పందికి ఒకే గొంతు రోజూ ఒకే వేళకు వినబడితే అలవాటు పడిపోతుంది. రెండు నిమిషాలు అరిచి పది నిమిషాలు ఆగేలా టైమరు పెట్టి, వారానికోసారి గొంతు మార్చి, మైకు చోటు మారిస్తే పంటకూ మంచిది, బ్యాటరీకీ మంచిది. చేను దగ్గర 20 వాట్ల చిన్న సోలార్ ప్లేటు, చార్జ్ కంట్రోలరు పెట్టుకుంటే మన ఎండకు రోజుకు 80 వాట్-అవర్ల దాకా వస్తాయి. రాత్రి ఖర్చయింది పగలు నిండుతుంది, బ్యాటరీని మోసుకుని ఇంటికి రావలసిన పని ఉండదు.

అదే పంపు బ్యాటరీ ఇంట్లో 12 వోల్టుల 5 వాట్ల ఎల్ఈడీ బల్బును తొమ్మిది గంటలు వెలిగిస్తుంది. దీనికి ఇన్వర్టర్ అవసరమే లేదు, దాని వంతు మిగిలినట్టే. సోలార్ సామాన్లు అమ్మే దుకాణాల్లో 12 వోల్టుల బల్బులు, టేబుల్ ఫ్యాన్లు దొరుకుతాయి. వైఫై రూటరు కూడా చాలా మటుకు 12 వోల్టులదే. 12ను 230 చేసి, మళ్లీ అడాప్టరుతో 12 చేయడం వల్ల రెండుసార్లు నష్టపోతాం. నేరుగా ఇవ్వగలిగినదాన్ని నేరుగానే ఇవ్వండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పంపు మీద, బ్యాటరీ పెట్టె మీద పురుగుమందు మరకలుంటాయి. పంపును ఇంట్లోకి తేవద్దు. బ్యాటరీని విప్పి, తడిగుడ్డతో తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే లోపలికి తేవాలి. పిల్లలకు అందనిచ్చేది లేదు.

ట్రాక్టర్ బ్యాటరీ పెద్దదే, కానీ దాన్ని చేసింది ఇంజన్ను లేపడానికి. క్షణంసేపు వందల ఆంపియర్లు ఇవ్వగలిగేలా లోపలి పలకలు పలచగా ఉంటాయి. గంటల తరబడి లోతుగా వాడితే ఆ పలకలు పాడైపోతాయి. పెళ్లి పందిట్లో కరెంటు పోయినప్పుడు ఒక గంట రెండు లైట్లు వెలిగించుకోవచ్చు. రోజూ ఫ్యాను తిప్పుకోవడానికి అది కాదు. తెల్లారి దున్నకానికి పోవలసిన బండి లేవకపోతే నష్టం మీదే. మోటారు సైకిల్ బ్యాటరీ మరీ చిన్నది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఫోను చార్జింగు వరకే వాడండి.

చెప్పకుండా వదలలేని రెండు మాటలు

మొదటిది పందుల కోసం వేసే తీగ. బ్యాటరీ మీద నడిచే ఝట్కా మిషన్ అనే యంత్రం ఉంది. అది సుమారు సెకనుకోసారి వేల వోల్టుల దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బ క్షణంలో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి జంతువు అదిరిపడి వెనక్కి పోతుంది, చావదు. ఆ మిషన్ మంచిదే. ఇది లేక, లేదా ఖర్చని, ఇంటి ఇన్వర్టర్ నుంచో స్తంభం నుంచో 230 వోల్టుల తీగ లాగి చేను చుట్టూ కట్టడం మనుషులను చంపుతోంది. తెలంగాణలో ఏటా పక్క చేను రైతులు, గొర్ల కాపర్లు, ఒక్కోసారి తీగ కట్టిన ఇంటివాళ్లే ఇలా పోతున్నారు. అది నేరం, జైలు తప్పదు. అంతకన్నా ముందు అది ఒక ప్రాణం. బ్యాటరీ మీద ఇన్వర్టర్ కదా, చిన్నదే కదా అనుకోవద్దు. ఇన్వర్టర్ నుంచి వచ్చే 230 వోల్టులు స్తంభం నుంచి వచ్చేవాటిలాగే చంపుతాయి.

రెండోది ఇంకా ఎక్కువ ఇళ్లలో జరుగుతోంది, ఎవరికీ తప్పుగా తోచదు. ఒక వైరుకు రెండు చివరలా పిన్నులు పెట్టి, ఒక చివర ఇన్వర్టర్‌లో, ఇంకో చివర గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగిస్తారు. మెయిన్ స్విచ్ దించడం మరిచిపోతే ఆ కరెంటు మీ ఇంటి మీటరు దాటి వీధి తీగలోకి, అక్కడినుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతుంది. ఇంటికి వచ్చేటప్పుడు 11,000 వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మరే, ఎదురు వచ్చిన కరెంటును మళ్లీ అంతకు పెంచగలదు. లైను బంద్ చేశారనే నమ్మకంతో స్తంభం ఎక్కిన మనిషి చేతికి అది తగులుతుంది. గాలివాన రాత్రి మీ ఊరి కరెంటు కోసం తడుస్తూ వచ్చిన మనిషి ఆయన. మీ ఇంట్లో ఇలాంటి వైరు ఉంటే ఈ పేజీ చదువుతుండగానే లేచి రెండు పిన్నులూ కోసి పారేయండి. ఇల్లంతా ఇన్వర్టర్ మీద నడపాలనుకుంటే, ఎలక్ట్రీషియనుతో చేంజోవర్ స్విచ్ పెట్టించండి. లేదా ఇన్వర్టర్ నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి, కావలసిన రెండు మూడు వస్తువులను దానికే తగిలించండి.

కొనేటప్పుడు, కొన్నాక

బ్యాటరీ మీద 150 ఏహెచ్ పక్కన చిన్నగా సీ20 అని ఉంటుంది. ఇరవై గంటల పాటు నిదానంగా, 7.5 ఆంపియర్ల చొప్పున వాడితేనే ఆ 150 దక్కుతుందని దాని అర్థం. ఒకేసారి అయిదు వందల వాట్లు లాగితే దక్కేది బాగా తగ్గుతుంది. సోలార్ బ్యాటరీల మీద సీ10 అని ఉంటుంది, అది పది గంటల లెక్క. ఒకే 150 అంకె ఉన్నా సీ10ది కొంచెం పెద్ద బ్యాటరీ.

యాసిడ్ బ్యాటరీకి బదులు లిథియం కొనాలా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో తొంభై శాతం దాకా వాడుకోవచ్చు, బరువు తక్కువ, నీళ్లు పోయనక్కరలేదు, రెండు వేల సార్లకు పైగా నిండి ఖాళీ అవుతుంది. పైన వేసిన ఇంటి లెక్కకు 12.8 వోల్టుల 50 ఏహెచ్‌ది సరిపోతుంది. కొనేటప్పుడు ఖరీదు ఎక్కువ, ఏళ్ల మీద చూస్తే తక్కువ. రోజూ వాడేవాళ్లకు, చేనుకు మోసుకుపోయేవాళ్లకు ఇదే మేలు. ఏడాదికి పది రాత్రులు కరెంటు పోయే ఇంటికి యాసిడ్ బ్యాటరీయే చాలు. ఈ లిథియం సెళ్లు చాలాకాలం బయటి దేశాల నుంచే వచ్చాయి. మన తెలుగు నేల మీద 1985లో చిత్తూరు జిల్లాలో గల్లా రామచంద్రనాయుడు మొదలుపెట్టిన అమరరాజా సంస్థ యాసిడ్ బ్యాటరీలతో పెరిగింది. అదే సంస్థ 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 2023 మే 6న మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి పునాది వేసింది. అనుకున్న పెట్టుబడి పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలు. వలసలకు పేరుపడిన పాలమూరులో బ్యాటరీ చేసే పని వస్తే, ఇక్కడి పిల్లలు ఈ వాట్-అవర్ల లెక్క ఇంట్లోనే నేర్చుకుని పోవాలన్నది నా కోరిక.

ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమే తీసుకోండి. చవకగా దొరికే స్క్వేర్ వేవ్ మీద ఫ్యాను గురగురమంటుంది, నెబ్యులైజర్ మోటరు వేడెక్కుతుంది. బ్యాటరీకి, ఇన్వర్టర్‌కు మధ్య తీగ పొట్టిగా, లావుగా ఉండాలి. వంద వాట్లకు 230 వోల్టుల వైపు అర ఆంపియరు కూడా పారదు, 12 వోల్టుల వైపు ఎనిమిది దాటుతుంది. సన్నటి బల్బు తీగ అక్కడ వాడితే కరిగి అంటుకుంటుంది. ప్లస్ తీగ మీద, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి.

యాసిడ్ బ్యాటరీ చార్జింగ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. పడకగదిలో మంచం కింద, దేవుడి దీపం దగ్గర పెట్టవద్దు. గాలి ఆడే వరండా మంచిది, కానీ ఎండ తగలకూడదు. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది. నలభై నాలుగు డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద పెట్టిన బ్యాటరీ రెండేళ్లకే పోతే ఆశ్చర్యపోనక్కరలేదు. బోరు నీళ్లు పోయవద్దు, డిస్టిల్డ్ వాటరే పోయాలి. కొనల మీద తెల్లగా పూసిన బూజును వంట సోడా నీళ్లతో కడిగి, ఆరాక వేజలిన్ రాయండి. లిథియం బ్యాటరీ ఉబ్బినట్టు కనబడితే, అది ఫోనుదైనా పవర్ బ్యాంకుదైనా, చార్జింగు పెట్టడం ఆ నిమిషమే ఆపేయాలి. దిండు కింద పెట్టి చార్జింగు చేయడం మానుకోండి.

మూడు నాలుగు వందల రూపాయల మల్టీమీటరు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. చార్జింగు తీసి నాలుగు గంటలు ఊరికే ఉంచిన యాసిడ్ బ్యాటరీ 12.7 చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.8 అంటే ఖాళీ. నిండాక కూడా 12.4 దాటకపోతే దానికి ముసలితనం వచ్చింది. మీటరు పట్టడం రాకపోతే, వనపర్తి సంస్థానాధీశుల భవనంలో నడుస్తున్న కె.డి.ఆర్. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివే పిల్లలు చుట్టుపక్కల ఊళ్లలో ఉంటారు. సెలవులకు వచ్చినప్పుడు పిలిచి చూపించమనండి, పది నిమిషాల పని.

ఇక ఒక ఆదివారం సాయంత్రం ఏడింటికి మీరే మెయిన్ స్విచ్ దించండి. తెల్లారేదాకా ఎత్తవద్దు. ఏది ఎప్పుడు ఆగింది, ఎవరు ఏది కావాలన్నారు, పొద్దున మీటరు ఎంత చూపింది, మూడూ గోడ క్యాలెండర్ మీద రాయండి. సగం ఖాళీ అయిన 150 ఏహెచ్ బ్యాటరీ మళ్లీ నిండడానికి ఇంటి ఇన్వర్టర్‌కు ఆరేడు గంటలు పడుతుంది. రెండో రాత్రి కూడా కరెంటు రాకపోతే ఏం మానుకోవాలో అప్పుడే అనుకోండి. ముసలమ్మ గడప దీపం మాత్రం ఆ మానుకునే జాబితాలో ఉండకూడదు.

పాత బ్యాటరీని పాత ఇనుము వాడికి వేయవద్దు. కొన్నిచోట్ల దాన్ని పగలగొట్టి, యాసిడ్‌ను మోరీలో పారబోసి, సీసాన్ని బయట కట్టెల మీద కరిగిస్తారు. ఆ పొగ పీల్చిన పసిపిల్లలకు మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారులది. కొత్తది కొనే దుకాణంలోనే పాతది ఇచ్చి, దాని తూకానికి తగ్గ ధర బిల్లులో తగ్గించమని అడగండి, కొన్న తేదీ, గ్యారంటీ నెలలు అదే బిల్లు మీద రాయించుకోండి.